మొదటి లైను

సిరిసిల్ల,
5 సెప్టెంబర్ 2011, సోమవారం.

వేణుకు,

మీ అక్క నర్సక్క, నేను బాగానే ఉన్నాం. నువ్వు అడగవు కాబట్టి ముందే రాసి పెడుతున్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో నేను ఒక మాట పూర్తిచేసేలోపు నువ్వు పది చెబుతావు. పైగా నాకు కావలసింది సీడీ. అది ఎలాగూ ఎవరి చేతనైనా పంపాలి. దానితో ఒక కాగితం రావడం కష్టం కాదు.

మా కార్ఖానాలో ఇరవై నాలుగు మరమగ్గాలున్నాయి. మన ఊరి మాటలో సాంచలు. వాటిలో రెండే జకార్డువి. అంచులో పువ్వు గాని అక్షరం గాని నేయాలంటే ఆ రెంటి మీదే. పంతొమ్మిదేళ్ళుగా వాటిని నడిపేది నేను. జకార్డుకు చిల్లుల అట్టలు కావాలి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఏ చిల్లు ఎక్కడ పడాలో గడుల కాగితం మీద గీసి ఇచ్చేవాడు వెంకటి. ఆషాఢంలో వెంకటి పోయాడు. ఆ పని ఊళ్ళో ఇంకెవరికీ రాదు. నేను గీసి చూశాను. మూడు వారాలు పట్టింది, అక్షరాలు బట్ట మీద తిరగబడి వచ్చాయి. మా సేటు జలపతి ఆ కండువాను పట్టుకుని నలుగురి ముందు అన్నాడు: "ఏం లస్మయ్యా, గిది మెడల ఏస్కోని అద్దం ముంగట నిలవడి సదువుకోవాల్నా?"

దసరా దాటితే ఆ రెండు సాంచలనూ పాత ఇనుము కింద అమ్ముతానన్నాడు. దసరాలోపు అంచులో 'జై తెలంగాణ' అని నేసిన కండువా ఒక్కటి, చదవగలిగేట్టు చూపిస్తే ఉంచుతానన్నాడు. ఉద్యమం కండువాలు లారీలకు లారీలు బయటి నుంచి దిగుతున్నాయి. అన్నీ అచ్చు వేసినవి. రెండు ఉతుకులకు తెలంగాణ పోయి జై మిగులుతుంది.

మూతబడ్డ నెట్ సెంటర్ నుంచి నేను కంప్యూటర్ తెచ్చుకున్న సంగతి నీకు తెలుసు. ఎండాకాలంలో నువ్వు ఇచ్చిన సీడీలో పైథాన్ 26 అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. తెలుగు పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నాను. గీసిన బొమ్మను చూసి, ఏ వరుసలో ఏ చిల్లు కొట్టాలో చెప్పే ప్రోగ్రాం నలభై ఒక్క లైన్లలో రాశాను. అయితే బొమ్మను తెరవడానికి ఆ భాషకు ఇంకో భాగం విడిగా ఎక్కించాలట. ఇమేజ్ మాడ్యూల్ అంటారట. అది ఒక్కటి పంపు. 26కు సరిపోయేది. ఇంకేమీ వద్దు.

లస్మయ్య

*

జగిత్యాల,
9 సెప్టెంబర్ 2011.

బావకు దండాలు.

నీ ఉత్తరం అచ్చింది. కృపారాణికి సదివి ఇనిపిస్తే పొట్ట పట్టుకోని నవ్వింది. నా పెండ్లాం ఊకె నవ్వేది కాదు, నీకు ఎరుకే. నువ్వు ప్రోగ్రాం రాసినవ్ అన్నందుకు కాదు, ఉత్తరం రాసిన తీరుకు. ఏంది బావా గా భాష? 'పూర్తిచేసేలోపు' అంట, 'కావలసింది' అంట. ఊరూర టెంట్లు ఏసుకోని మన యాస మన భాష అని జనం కూసుంటుంటే, నువ్వు ఇస్త్రీ చేసిన తెలుగు రాస్తున్నవ్.

ఇగ పనికి అస్త. నేను ఆరేండ్ల సంది జగిత్యాల కంప్యూటర్ సెంటర్ల పోరగాండ్లకు గిదే చెప్పుకుంట బతుకుతున్న. డిగ్రీ సదివినోళ్ళకే ఆర్నెల్లు పడ్తది. నువ్వు సాంచ కాడ నిలవడి, పుస్తకం సూసి, నలభై ఒక్క లైన్లు రాసిన అంటున్నవ్. రాసినవ్ కావచ్చు. నడుస్తదా లేదా అన్నది వేరే ముచ్చట.

నువ్వు అడిగిన 26 పాత చెత్త. దాన్ని పట్టుకోని ఎందుకు ఏలాడుతవ్? ఈ సీడీల కొత్తది ఉన్నది, 27. పాతదాని జాగల దీన్ని ఏస్కో. గది ఎక్కినంక చెప్పు, బొమ్మల మాడ్యూల్ సంగతి తర్వాత సూద్దం. అన్ని ఒక్కసారి ఇస్తే నీకు అరగదు.

సీడీ మెరిసే దిక్కు కిందికి ఉండాలె. తెల్వదని కాదు, ఎందుకైన మంచిదని చెప్తున్న.

సిరిసిల్ల బండి కండక్టర్ చేతికి ఇచ్చిన. బస్టాండుల తీస్కో. అక్కను అడిగిన అని చెప్పు.

నీ బామ్మర్ది,
వేణు

*

సిరిసిల్ల,
13 సెప్టెంబర్ 2011, మంగళవారం.

వేణుకు,

అక్కను అడిగావని చెప్పాను. నమ్మలేదు.

నా భాష గురించి. నేను బడికి పోయింది రెండో తరగతి వరకు. చదవడం నేర్చుకున్నది బట్టల బేళ్ళకు చుట్టి వచ్చిన పాత పేపర్ల మీద. వాటిలో ఏ తెలుగు ఉంటే అది వచ్చింది. నువ్వు పెద్ద చదువు చదివి నోటితో రాస్తున్నావు. నేను చేత్తో రాస్తున్నాను. ఎవరి వీలు వారిది. సీడీ ఏ దిక్కు పెట్టాలో తెలుసు.

ఈ రోజు నుంచి సకల జనుల సమ్మె. బళ్ళు మూసేశారు. సార్లు అంబేద్కర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నారు. కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. నేను రోజూ నోటుబుక్కులో వచ్చిన వేళ, పోయిన వేళ రాస్తాను. నిన్న సాంచలు నడిచింది మూడు గంటల పది నిమిషాలు.

నువ్వు పంపిన 27 ఎక్కించాను. ఎలా ఎక్కించానో రాస్తున్నాను, తప్పుంటే చెప్పు. బట్టలో చేసేదే చేశాను. నిలువు పోగులు చుట్టిన బీము అయిపోతే కొత్త బీము పెట్టి, పాత పోగుల తోకలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతాం. పాతవాటిని లాగితే కొత్తవి వాటి దారినే వస్తాయి. అంతా కోసి పారేసి మళ్ళీ మొదటి నుంచి ఒక్కో పోగును దూర్చుకుంటూ కూర్చునేవాడు పని రానివాడు. అందుకని, కొత్తది ఎక్కడ పెట్టాలని కంప్యూటర్ అడిగితే, పాతది ఉన్న ఫోల్డర్లోనే పెట్టమన్నాను. ఆ ఫోల్డర్ పేరు సి డ్రైవ్‌లో పైథాన్ 26. పాతది తీసేయలేదు. పేరు మార్చలేదు. కొత్తది దాని మీదే కూర్చుంది.

ఇప్పుడు మాడ్యూల్ పంపు. మొదటి ఉత్తరంలో అడిగింది కూడా అదే. దసరాకు ఇరవై మూడు రోజులుంది.

లస్మయ్య

*

జగిత్యాల,
17 సెప్టెంబర్ 2011.

బావా,

నీ ఉత్తరం సగం సదివిన. బీములు అతికే కాడికి అచ్చేసరికి నిద్ర పట్టింది. కంప్యూటర్ గురించి అడిగితే కార్ఖానా గురించి చెప్తవు. నిన్ను ఎవలన్న అన్నం తిన్నవా అంటే వడ్లు నాటేసిన కాన్నుంచి మొదలుపెడ్తవా?

ఒక్కటి మాత్రం కనవడ్డది. ఫోల్డర్ పేరు పైథాన్ 26 అని నువ్వే రాసినవ్. అంటే నేను పంపిన 27 ఏయనే లేదు. ఏసిన అని నాకు చెప్తున్నవ్. గింత దానికి అబద్ధం ఎందుకు? కొత్తదంటే భయం ఉంటే భయం అని చెప్పు. నీ ఈడోళ్ళకు అందరికి ఉన్నదే, సెల్‌ఫోన్ల అలారం పెట్టుకునుడు రాక భార్యను లేపమనేటోళ్ళను మస్తుమందిని సూసిన.

సరే. నీకు గా పాతదే ముద్దు గదా. ఈ సీడీల 26 కోసం చేసిన బొమ్మల మాడ్యూల్ పెట్టిన. రెండుసార్లు నొక్కు, 'నెక్స్ట్' అన్నప్పుడల్ల 'నెక్స్ట్' కొట్టు, 'ఫినిష్' అంటే లెవ్వు. గంతే. దీనికి నోటుబుక్కు అక్కర లేదు.

సోమవారం సంది బస్సులు గుడ బంద్ అంటున్నరు. సెంటర్‌కు తాళం పడ్డది. నేను రేపే కోరుట్లకు, కృపారాణి తల్లిగారింటికి పోతున్న. ఇగ రాసేది ఉంటే గాడికి రాయి. మీ సేటు బట్టల వ్యాన్ వారంల రెండుసార్లు కోరుట్లకు అస్తదని అక్క చెప్పింది.

వేణు

*

సిరిసిల్ల,
20 సెప్టెంబర్ 2011, మంగళవారం.

వేణుకు,

నిన్నటి నుంచి బస్సులు లేవు. ఈ ఉత్తరం బట్టల వ్యాన్ డ్రైవర్ తెస్తాడు. నీ అత్తగారింటి గుర్తులు చెప్పాను. సోడా తాగించి పంపు.

27 వేశాను. వేయలేదని నువ్వు రాశావు. ఇకమీద నిద్ర రాకముందే చదవడం పూర్తిచేయి.

నీ మాడ్యూల్ సీడీ వేశాను. పెట్టె మీద 26కు అని ఉంది, ఫోల్డర్ పేరు కూడా 26, సరిపోయిందనుకున్నాను. అంతా అయ్యాక 'ఫినిష్' అన్నది. లేచాను. మళ్ళీ కూర్చుని నా ప్రోగ్రాం నడిపితే అయిదు లైన్లు ఇంగ్లీషులో వచ్చాయి. అక్షరాలు కూడబలుక్కుని తెలుగులో రాస్తున్నాను. మొదటి లైను ఇది:

"ది ఇమేజింగ్ ఎక్స్‌టెన్షన్ వాజ్ బిల్ట్ ఫర్ అనదర్ వెర్షన్ ఆఫ్ పైథాన్."

నడిమి మూడు లైన్లు నా ప్రోగ్రాంలో ఎక్కడ ఆగిందో చెబుతున్నాయి. అవి వెనక పేజీలో ఉన్నాయి. చివరి లైను ఇది:

"ది ఇమేజింగ్ సి మాడ్యూల్ ఈజ్ నాట్ ఇన్‌స్టాల్డ్."

నాకు 'నాట్' అన్నది మాత్రం తెలుసు. మిగతాది నువ్వు చూడు. అయిదు లైన్లూ నోటుబుక్కులోకి కూడా ఎక్కించాను.

లస్మయ్య

*

కోరుట్ల,
23 సెప్టెంబర్ 2011.

బావా,

డ్రైవర్‌కు సోడా కాదు, బువ్వనే పెట్టినం. పొద్దుగాల రోడ్డు మీద వంటావార్పు ఉండె. కోరుట్ల చౌరస్తాల పది పొయ్యిలు పెట్టి పప్పు వండినం. గరిటె తిప్పింది నేనే. చేతులు మంటలు లేస్తున్నయి, అయిన నీకు రాస్తున్న. విలువ తెల్సుకో.

ముందుగాల ఒక్కటి నేర్చుకో. తప్పు అచ్చినప్పుడు చివరి లైన్ ఒక్కటే సూడాలె. నా సెంటర్ల మొదటి రోజే పోరగాండ్లకు గిదే చెప్త. మీదికెల్లి అచ్చేదంత సొల్లు. కంప్యూటర్ గొణుక్కునుడు గది. జరమచ్చి డాక్టర్ కాడికి పోతే పుట్టిన కాన్నుంచి చెప్తమా? ఇగ నుంచి నాకు గా ఒక్క లైన్ పంపు. వెనక పేజీలు, నడిమి లైన్లు నాకు అద్దు.

నీ చివరి లైన్ ఏమంటున్నది? మాడ్యూల్ ఎక్కలేదు అంటున్నది. ఇంగ్లీషు రాకున్నా గింత అర్థం కాదా? ఎక్కియ్యలేదు కాబట్టి ఎక్కలేదు. మళ్ళ ఎక్కియ్యి. నడుమ కరెంటు పోయి ఉంటది, నువ్వు సూసుకోలేదు.

27 ఏసిన అంటవు, 26 ఫోల్డర్ అంటవు. మీ సేటు కాడ ఇట్లనే రెండు మాటలు చెప్తే ఇనుప వ్యాన్‌కు సాంచలతోని పాటు నిన్ను గుడ ఎక్కిస్తడు.

వేణు

*

సిరిసిల్ల,
26 సెప్టెంబర్ 2011, సోమవారం.

వేణుకు,

చివరి లైను: "ది ఇమేజింగ్ సి మాడ్యూల్ ఈజ్ నాట్ ఇన్‌స్టాల్డ్."

నువ్వు అడిగింది ఇంతే కనుక ఉత్తరం ఇక్కడితో ఆపవచ్చు. కానీ కాగితం మిగిలింది.

ఇరవై మూడున ఒకసారి, ఇరవై నాలుగున రెండుసార్లు, నిన్న ఒకసారి ఎక్కించాను. నాలుగుసార్లూ 'ఫినిష్' అన్నది. నాలుగుసార్లూ కరెంటు ఉంది. ఇరవై నాలుగున పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, నిన్న పదకొండు నుంచి పన్నెండుంబావు వరకు. చూసుకోలేదని నువ్వు రాసింది తప్పు.

జలపతి నిన్న కంప్యూటర్ చూడటానికి మా ఇంటికే వచ్చాడు. తెర మీద ఆ లైన్లు చూసి, "ఏమంటున్నది?" అన్నాడు. ఎక్కలేదంటున్నదన్నాను. "మీ బామ్మర్ది కంప్యూటర్లు చెప్పే సారంటివి గద. ఆయన ఏమంటుండు?" అన్నాడు. ఆయనా అదే అంటున్నాడన్నాను. "మరి గాయనకు జీతం ఎందుకు, కంప్యూటరే చెప్తున్నది గదా" అని చెప్పులేసుకుని పోయాడు.

మీ అక్క ఇది రాయమంది, ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "వాడు సిన్నప్పుడు పలక మీద అక్షరం సగం దిద్దంగనే అచ్చిందని లేసెటోడు. ఇప్పుడు సార్ అయిండు, గంతే. బావ రాసింది మొత్తం సదువుమను."

దసరాకు పది రోజులు.

లస్మయ్య

*

కోరుట్ల,
28 సెప్టెంబర్ 2011.

బావా,

అక్కకు చెప్పు, పలక కాన్నుంచి ఎంసీఏ దాక అచ్చిన. ఆమె అక్షరమే దిద్దలేదు.

మీ సేటు మాటలు నాకు రాయవడితివి. మంచిది. నేను గుడ ఉన్నదున్నట్టు చెప్త, ఇను. నాలుగుసార్లు కాదు, నలభై సార్లు ఏసినా నీకు ఎక్కది. ఎందుకంటే నువ్వు చేసేది పని కాదు, పంతం. నీకు ఇంగ్లీషు రాదు. కంప్యూటర్ అంటే సాంచ కాదు, ఆగినప్పుడు చెయ్యి పెట్టి తిప్పితే నడువడానికి. నువ్వు సదువుకున్నోళ్ళ పనిల ఏలు పెడుతున్నవ్. గా ప్రోగ్రాం నడిచినా అట్టలు రావు, అట్టలు అచ్చినా అక్షరాలు రావు, అచ్చినా మళ్ళ అద్దం కావాలె.

సాంచలు ఇనుముకు పోతే పోనియ్యి. పంతొమ్మిదేండ్లు నడిపిన అంటవు. వెంకటన్న పోయిననాడే గా పని గుడ పోయింది. సాదా సాంచలు ఇరవై రెండు ఉన్నయి గదా, వాటి మీద నిలవడు. కండువాలంటవా, మొన్న రైలు రోకో కాడ ఒక లారీ పంచిండ్రు. నాకు మూడు అచ్చినయి. అచ్చు మంచిగనే ఉన్నది. నీకు గుడ ఒకటి పంపుతున్న.

ఇగ ఈ ముచ్చట నాకు రాయకు. రాసుడే ఉంటే అక్క ముచ్చట రాయి.

వేణు

*

సిరిసిల్ల,
1 అక్టోబర్ 2011, శనివారం.

వేణుకు,

మీ అక్క బాగుంది.

దసరా దాకా ఆగుతానన్న జలపతి ఆగలేదు. సమ్మెలో ఏదీ నడవడం లేదు, వ్యాను మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో అన్నాడు. పొద్దున పది గంటలకు పాత ఇనుము వ్యాను వచ్చింది. కిటికీ పక్క జకార్డు సాంచను విప్పారు. పంతొమ్మిదేళ్ళు నడిపిందాన్ని నలుగురు గంటంబావులో విప్పారు. రెండోది వ్యానులో పట్టలేదు. దసరా మరునాడు వస్తారట.

నువ్వు పంపిన కండువా అందింది. నూనె తుడవడానికి బాగుంది.

లస్మయ్య

*

సిరిసిల్ల,
4 అక్టోబర్ 2011, మంగళవారం.

వేణుకు,

ఈ ముచ్చట రాయవద్దన్నావు. ఇది అడగడానికి రాసింది కాదు, తెలియజేయడానికి రాసింది. మొదటి నుంచి చదువు.

సాంచ పోయిన రోజు చేయడానికి పని లేదు. నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి చదువుకున్నాను. ఏ రోజు కరెంటు ఎన్నిగంటలు, ఏ రోజు ఏ సీడీ, ఏ రోజు ఏం వచ్చింది. సెప్టెంబర్ ఇరవై పేజీలో ఆ అయిదు లైన్లున్నాయి. ఆ తర్వాతి పేజీలన్నిటా చివరి లైను ఒక్కటే ఉంది, నువ్వు చెప్పావు కాబట్టి. చివరి లైను నాలుగుసార్లు ఒకే మాట చెప్పింది. మొదటి లైను ఏం చెప్పిందో నాకూ నీకూ తెలియదు.

నోటుబుక్కు పట్టుకుని చౌరస్తాలో సార్ల టెంటుకు పోయాను. ఇంగ్లీషు సారు సమ్మెలో పద్దెనిమిది రోజులుగా ఊరికే కూర్చుని ఉన్నాడు. లైను చూపించాను. ఆయన కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు. "ఇది వేరే పైథాన్ కోసం కట్టింది, నీ దగ్గర ఉన్నదాని కోసం కాదు అని రాసి ఉన్నది గదా. ఇండ్ల తెలువనిది ఏమున్నది?" అన్నాడు. నాకు ఎంసీఏ చదివిన బామ్మర్ది ఉన్నాడని ఆయనకు చెప్పలేదు. ఇంటి పరువు.

ఇంటికి నడిచి వచ్చేలోపు అర్థమైంది. ఫోల్డర్ పేరు 26. లోపల ఉన్నది నువ్వు పంపిన 27. దాని మీదికి నువ్వు పంపింది 26 మాడ్యూల్. పేరు చూసి మాడ్యూల్ ఎక్కి కూర్చుంది, లోపల మనిషి వేరని తెలిసి పని చేయనంది. అది మొదటి రోజే చెప్పింది.

కొత్తదాన్ని పాతదాని మీద అతకడం నా తప్పు. బట్టలో అది పనితనం, ఇక్కడ కాదు. అతికిన సంగతి పదమూడో తేదీ ఉత్తరంలో నీకు రాశాను, తప్పుంటే చెప్పమన్నాను. నువ్వు నిద్రపోయి లేచి నన్ను అబద్ధాలకోరు అన్నావు. మొదటి ఉత్తరంలో నేను అడిగింది 26 మాడ్యూల్ ఒక్కటే. అది ఆ రోజే పంపి ఉంటే ఈ ఉత్తరాల్లో మిగతావి ఏవీ ఉండేవి కావు. కిటికీ పక్క సాంచ ఉండేది.

నిన్న పొద్దున పది నుంచి పన్నెండు వరకు కరెంటు ఉంది. రెండు పైథాన్లనూ, మాడ్యూల్నూ తీసేశాను. ఫోల్డర్ కూడా తీసేశాను. నడిచే బీము మీద పోగులన్నీ కత్తెరతో కోసినట్టు అనిపించింది. నా చేత్తో ఎప్పుడూ ఆ పని చేయలేదు. తర్వాత ఎండాకాలం సీడీలోని 26 వేశాను. దాని మీద నీ 26 మాడ్యూల్. ప్రోగ్రాం నడిపాను. లైన్లు రాలేదు. చిల్లుల వరుసలు వచ్చాయి, తొంభై ఆరు.

అట్టలు కొడుతున్నాను. ఎల్లుండి దసరా.

లస్మయ్య

*

కోరుట్ల,
5 అక్టోబర్ 2011.

బావా,

డ్రైవర్ నీ ఉత్తరం ఇచ్చి ఆకిట్లనే నిలవడ్డడు, జవాబు తెమ్మన్నవట. అందుకే జల్ది రాస్తున్న.

నీ ఉత్తరాలన్ని కృపారాణి దాసిపెట్టింది. తీసి ముంగటేసింది. పదమూడో తారీఖుది ఇయ్యాల మొత్తం సదివిన. అతికిన ముచ్చట అండ్ల సాఫ్‌గ ఉన్నది. ఇరవై తారీఖుది గుడ సదివిన. మొదటి లైన్ ఉన్నది. అప్పుడు సదివిన గని యాదికి లేదు అని రాద్దామనుకున్న. సదువలేదు.

కృపారాణి ఒక్కటే మాట అడిగింది. "ఆరేండ్ల సంది పోరగాండ్లందరికి చివరి లైన్ సూడుమనే చెప్తున్నవా?" అన్నది. అవునన్న. "ఎంతమంది అయ్యుంటరు?" అన్నది. లెక్క పెట్టలేదు అన్న. ఈ సారి నవ్వలేదు.

అబద్ధం అన్న మాట ఎనక్కి తీసుకుంటున్న. ఇంగ్లీషు రాదన్న మాట తీస్కోను, నీకు నిజంగనే రాదు. నాకు అస్తది, ఏం ఫాయిద.

సాంచ ముచ్చట ఏం రాయాల్నో తెలుస్తలేదు. డ్రైవర్ హారన్ కొడుతుండు. దసరనాడు ఏమైందో రాయి. కండువ అయితే ఒకటి పంపు. నేను పంపింది నూనె తుడిచినవని అక్క ఫోన్ల చెప్పింది. మంచిపని చేసినవ్.

నీ వేణు

*

సిరిసిల్ల,
8 అక్టోబర్ 2011, శనివారం.

వేణుకు,

జవాబు తెమ్మని డ్రైవర్‌కు చెప్పింది నేను కాదు. మీ అక్క.

అయిదో తేదీ సాయంత్రం నాలుగుంబావుకు కరెంటు వచ్చింది. ఆరున్నర వరకు ఉంది. కండువా దిగింది. దసరా పొద్దున జలపతి ఇంటికి తీసుకుపోయాను. ఆయుధ పూజకు కార్ఖానాకు బయలుదేరుతున్నాడు. కండువా విప్పి చూశాడు. తిరగేసి వెనక చూశాడు. మళ్ళీ ముందు చూశాడు. అద్దం అడుగుతాడేమోనని నిలబడ్డాను. అడగలేదు. ప్రోగ్రాంలో బొమ్మను తిప్పే లైను ముందే పెట్టుకున్నాను. నలభై ఒక్క లైన్లలో అది పన్నెండోది.

"సదువస్తున్నది" అన్నాడు.

అవునన్నాను.

"గిదేదో వారం ముందు తెస్తే రెండు ఉండునేమో గద లస్మయ్యా" అన్నాడు. ఆ మాటకు ఆయనకు ఏం జవాబు చెప్పాలో నాకు తెలుసు. ఆయన వారం ఆగాల్సింది, నువ్వు ఒక పేజీ చదవాల్సింది, నేను అతకకుండా ఉండాల్సింది. ముగ్గురిలో ఎవరు చేసినా కిటికీ పక్క ఖాళీ ఉండేది కాదు. ఇప్పుడు అక్కడ నేల మీద నాలుగు బోల్టు గుంతలున్నాయి. నూలు కండెల డబ్బా పెట్టాను, కాలు పడకుండా.

రెండో సాంచకు బొట్టు పెట్టి పూజ చేశారు. నిన్న ఇనుప వ్యాను వచ్చి ఖాళీగా పోయింది. జలపతి ఇంకో బీము ఎక్కించమన్నాడు. పాత పోగులకు కొత్తవి అతుకుతున్నాను. ఇక్కడ అది తప్పు కాదు.

నీ కండువా దీనితో పంపుతున్నాను. అంచు పొడుగునా 'జై తెలంగాణ' ఉంటుంది. నువ్వు చివరి కొస పట్టుకుని చూసి మడతపెడతావని తెలుసు. మొదటి కొసన, మొట్టమొదటి జానెడులో, వేరే పేరు ఉంది. దానికి విడిగా అట్టలు కొట్టి, ఒక్కసారి నడిపి తీసేశాను. వెంకటి పేరు. మిగతావారి కండువాల్లో అది ఉండదు.

మొదటి నుంచి చదువు.

లస్మయ్య